గ్యాలరీలోని పదో న్యాయనిర్ణేత

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు విచ్చేసిన క్రీడాభిమానులందరికీ నమస్కారం.

శీతాకాల ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్‌ను చూసే ప్రేక్షకులు ఈ రోజు నా ప్రసంగ విషయం. పరుగు పందెంలో ఎవరు గెలిచారో గడియారం చెబుతుంది, హాకీలో గోల్స్ లెక్క చెబుతుంది. ఫిగర్ స్కేటింగ్‌లో మాత్రం రింక్ పక్కన బల్ల దగ్గర కూర్చున్న తొమ్మిది మంది న్యాయనిర్ణేతలు చెప్పాలి. వారు చూసిన ప్రదర్శననే గ్యాలరీలో వేల మంది, టీవీల ముందు కోట్ల మంది అదే క్షణంలో చూస్తారు కాబట్టి, ప్రతి ప్రేక్షకుడూ తనను తాను పదో న్యాయనిర్ణేతగా భావించుకోవడం సహజం. ఈ పదో న్యాయనిర్ణేత మాటకు మార్కుల పట్టికలో చోటు లేదు. అయినా ఆ క్రీడ నిబంధనలను పలుమార్లు కదిలించిన బలం అతనిదేనని, ఆ బలాన్ని ఎవరి మీద ప్రయోగిస్తున్నాడన్న దాన్నిబట్టే అతని మంచిచెడ్డలు తేలతాయని నా అభిప్రాయం.

మంచు ఎరుగని మనకు ఈ విషయం మరీ దూరమైనదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో కాంస్యం గెలిచారు. మంచుకు బదులు నేల, పదునైన బ్లేడుకు బదులు చక్రాలు. ఆక్సెల్, లుట్జ్, శాల్కో అనే జంప్‌ల పేర్లు మాత్రం రెండింటికీ ఒకటే. ప్రేక్షకుడి అధికారం సంగతికి వస్తే, మన పద్యనాటకాల్లో జనం ‘వన్స్ మోర్’ అని అరిస్తే నటుడు అదే పద్యాన్ని మళ్లీ రాగం తీసి ఎత్తుకునేవాడు. ప్రేక్షకుడి తీర్పు అక్కడికక్కడే అమలయ్యేది. స్కేటింగ్ ప్రేక్షకుడి తీర్పు అమలు కావాలంటే కొన్నిసార్లు రోజులు పడుతుంది, కొన్నిసార్లు ఏళ్లు.

రోజుల్లో అమలైన తీర్పుతో మొదలుపెడతాను. 2002 ఫిబ్రవరి 11న సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల విభాగం ఫ్రీ స్కేట్, అంటే పోటీలో రెండో, చివరి విడత ప్రదర్శన, జరిగింది. రష్యాకు చెందిన యెలెనా బెరెజ్నయా, ఆంటన్ సిఖరులిడ్జే జంట ప్రదర్శన అందంగా సాగింది. కానీ డబుల్ ఆక్సెల్ దిగేటప్పుడు సిఖరులిడ్జే అడుగు తడబడింది. తర్వాత వచ్చిన కెనడా జంట జేమీ సాలే, డేవిడ్ పెల్టియర్ పొరపాటన్నది లేకుండా ముగించారు. సంగీతం ఆగగానే పెల్టియర్ వంగి మంచును ముద్దు పెట్టుకున్నారు. గ్యాలరీ మొత్తం ‘సిక్స్! సిక్స్!’ అని కేకలు వేసింది. అప్పట్లో అత్యుత్తమ మార్కు 6.0. మార్కులు తెర మీదికి రాగానే ఆ కేకలే ఈసడింపులుగా మారాయి. రష్యా, చైనా, పోలెండ్, ఉక్రెయిన్, ఫ్రాన్స్ న్యాయనిర్ణేతలు రష్యా జంటకు మొదటి స్థానం ఇచ్చారు. అమెరికా, కెనడా, జర్మనీ, జపాన్ వారు కెనడా జంటకు ఇచ్చారు. అయిదుకు నాలుగు తేడాతో స్వర్ణం రష్యాకు వెళ్లింది.

ఆ రాత్రి జనం ఊరుకుని ఉంటే వ్యవహారం అక్కడితో ముగిసేదేమో. జనమూ ఊరుకోలేదు, పత్రికలూ ఊరుకోలేదు. ఫ్రాన్స్ న్యాయనిర్ణేత మరీ రేన్ లె గూన్య తమ దేశ సమాఖ్య అధ్యక్షుడు దిదియే గైయాగే ఒత్తిడి తెచ్చారని మొదట చెప్పి, తర్వాత మాట మార్చారు. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 15న, కెనడా జంటకు కూడా స్వర్ణం ఇస్తున్నట్టు ప్రకటన వెలువడింది. లె గూన్య, గైయాగేలకు మూడేళ్ల నిషేధం పడింది. ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. బెరెజ్నయా, సిఖరులిడ్జే ఏ తప్పూ చేయలేదు. వారు వచ్చారు, తమ ప్రదర్శన తాము ఇచ్చారు. అయినా వారి పతకం గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆ కుంభకోణం ప్రస్తావన వచ్చి తీరుతోంది. జనం కోపం న్యాయమైనదే, కానీ దాని వేడి తగిలినవారిలో నిరపరాధులూ ఉన్నారు.

ఆ కోపం ఫలితంగానే 6.0 పద్ధతి పోయింది. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్‌యూ, 2004లో కొత్త పద్ధతిని ఆమోదించింది. 2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌లో అది అమలైంది. ప్రతి జంప్‌కు, స్పిన్‌కు, అడుగుల వరుసకు ఒక మూల విలువ ఉంటుంది. దాన్ని ఎంత బాగా చేశారన్న దాన్నిబట్టి న్యాయనిర్ణేతలు మార్కులు కలపడమో తీసేయడమో చేస్తారు. జంప్‌లో చుట్లు పూర్తయ్యాయా లేదా అని వీడియోను నెమ్మదిగా తిప్పి చూసేందుకు వేరే సాంకేతిక బృందం ఉంటుంది. దీనితో అభిమాని స్వభావమూ మారింది. ఒకప్పుడు ‘బాగుంది, బాగాలేదు’ అన్నవాడు ఇప్పుడు మార్కుల పట్టిక తెరిచి, ఫలానా లుట్జ్‌లో పావు చుట్టు తక్కువైందా, ఏడో న్యాయనిర్ణేత అందరికంటే ఎక్కువ ఎందుకు వేశారు అని ఆరా తీస్తున్నాడు. ఇటీవలి ఒలింపిక్స్ ప్రసారాల్లో టీవీ తెర మూలన చిన్న గళ్లు వరుసగా వెలుగుతుంటాయి. జంప్ బాగా పడితే ఆకుపచ్చ, అనుమానముంటే పసుపు, దెబ్బతింటే ఎరుపు. ఆ గళ్లను చూస్తూ కూర్చుంటే స్కేటర్ చేతులు, చూపు, సంగీతంతో ఆమె కుదిరిన తీరు మన కంటికి ఆనవు. ఇది నాకు నచ్చని పరిణామం. కానీ ఆ పట్టికలు బహిరంగంగా దొరకడం వల్లనే అభిమానులు ఆధారాలతో ప్రశ్నించగలుగుతున్నారన్నదీ నిజమే.

కొత్త పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉండేది. న్యాయనిర్ణేతల మీద వారి దేశాల ఒత్తిడి పడకుండా ఉండాలన్న ఉద్దేశంతో ఎవరు ఏ మార్కు వేశారో తెలియకుండా పేర్లు దాచారు. రక్షణ కోసం వేసిన ఆ ముసుగే 2014లో రష్యాలోని సోచి ఒలింపిక్స్‌లో అనుమానాలకు మూలమైంది.

సోచిలో మహిళల పోటీలో మొదటి విడత అయిన షార్ట్ ప్రోగ్రామ్ ముగిసేసరికి దక్షిణ కొరియాకు చెందిన కిమ్ యునా 74.92తో మొదటి స్థానంలో, రష్యాకు చెందిన అడెలినా సోత్నికోవా 74.64తో రెండో స్థానంలో, ఇటలీకి చెందిన కరొలినా కోస్ట్నర్ 74.12తో మూడో స్థానంలో ఉన్నారు. మరునాడు, ఫిబ్రవరి 20న, ఫ్రీ స్కేట్‌లో అందరికంటే చివర వచ్చిన కిమ్ ఎక్కడా తడబడలేదు. అంతకుముందే సోత్నికోవా వెంటవెంటనే చేసే జంప్‌ల కాంబినేషన్ ఒకదానిలో చివరి జంప్ దగ్గర తడబడినా, మిగతాదంతా ఉత్సాహంగా ముగించారు. ఫ్రీ స్కేట్‌లో సోత్నికోవాకు 149.95, కిమ్‌కు 144.19 వచ్చాయి. మొత్తం మీద 224.59తో స్వర్ణం సోత్నికోవాకు, 219.11తో రజతం కిమ్‌కు దక్కాయి.

కొరియాలో కోపం కట్టలు తెంచుకుంది. విచారణ జరపాలన్న ఆన్‌లైన్ వినతిపత్రం మీద కొద్ది గంటల్లోనే లక్షల సంతకాలు పడ్డాయి. చివరికి ఆ సంఖ్య పదిహేను లక్షలు దాటింది. వారి అనుమానాలకు కారణాలు లేకపోలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకరైన ఉక్రెయిన్‌కు చెందిన యూరి బల్కోవ్, 1998 నాగానో ఒలింపిక్స్ ఐస్ డాన్స్ తీర్పుల వివాదంలో సస్పెండ్ అయినవారు. మరొకరు, రష్యాకు చెందిన అల్లా షెఖోవ్‌త్సెవా, రష్యా స్కేటింగ్ సమాఖ్య పెద్ద అయిన వాలెంతిన్ పిసెయెవ్ భార్య. పేర్లు దాచడం వల్ల వీరిద్దరు ఎంతెంత వేశారో ఎవరికీ తెలియదు. కొరియా ఒలింపిక్ సంఘం చేసిన ఫిర్యాదును ఐఎస్‌యూ అదే ఏడాది జూన్‌లో తోసిపుచ్చింది.

దీన్ని రెండు వైపుల నుంచీ చూడాలి. సోత్నికోవా ఏడు ట్రిపుల్ జంప్‌లు, అంటే గాలిలో మూడు చుట్లు తిరిగే జంప్‌లు, పెట్టారు, కిమ్ ఆరు పెట్టారు. సోత్నికోవా ప్రదర్శన మూల విలువే ఎక్కువ. సాంకేతిక మార్కుల్లో 75.54కు 69.69గా తేలిన తేడాలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వచ్చింది. ఈ లెక్క ప్రకారం ఆమె గెలుపు అసంభవమేమీ కాదు. కానీ కళాభాగంలో కిమ్‌కు 74.50, సోత్నికోవాకు 74.41 ఇచ్చారు. కిమ్ భుజం తిప్పే తీరులో, జంప్ నుంచి దిగి తర్వాతి అడుగులోకి జారుకునే సౌలభ్యంలో ఉన్న పరిణతి ఆ 0.09 తేడాలోకి ఎలా ఇమిడిందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అభిమానులు అడిగింది న్యాయమైన ప్రశ్న. కానీ ఆ ప్రశ్న బల్ల దగ్గర కూర్చున్నవారిని, వారిని అక్కడ కూర్చోబెట్టిన సంస్థను అడగాలి. దూషణల్లో కొంత భాగం అప్పటికి 17 ఏళ్లు మాత్రమే నిండిన సోత్నికోవా మీద పడడం అన్యాయం. ఓడిన కిమ్ యునా మాత్రం ఎవరినీ నిందించకుండా తన పని తాను చేశానన్న ప్రశాంతతతో మాట్లాడారు. ఆమె పేరు మీద కోపగించుకున్నవారిలో చాలామంది ఆమె నిగ్రహాన్ని అందుకోలేకపోయారు. రెండేళ్ల తర్వాత, 2016లో, ఐఎస్‌యూ పేర్లు దాచే పద్ధతిని రద్దు చేసింది. ఈ రోజు ఏ న్యాయనిర్ణేత ఏ మార్కు వేశారో పేరుతో సహా ఎవరైనా చూడవచ్చు.

అదే సోచిలో, అవే రెండు రోజుల్లో, అభిమానుల గొప్పతనం మరో చోట కనిపించింది. జపాన్‌కు చెందిన మావో అసాదా షార్ట్ ప్రోగ్రామ్‌లో ట్రిపుల్ ఆక్సెల్ దగ్గర పడిపోయి, 55.51 మార్కులతో 16వ స్థానానికి జారిపోయారు. కీలక సమయాల్లో ఆమె పడిపోతుంటారన్న అర్థం వచ్చేలా ఒక మాజీ ప్రధాని మాట్లాడితే జపాన్ ప్రజలు ఆయన మీద మండిపడ్డారు. ఎదుటి దేశం మీద కాకుండా, పడిపోయిన మనిషిని చులకన చేసిన తమ పెద్దమనిషి మీదే వారు కోపం చూపించారు. పతకం ఆశ లేదని తెలిసీ మరునాడు అసాదా రింక్‌లోకి దిగి, రఖ్మానినోవ్ రెండో పియానో కంచెర్టోకు ఎనిమిది ట్రిపుల్ జంప్‌ల ప్రదర్శన ఇచ్చారు. ట్రిపుల్ ఆక్సెల్ నిలబడింది. సంగీతం ఆగగానే తల పైకెత్తి ఏడ్చారు, ఆ వెంటనే కన్నీళ్లతోనే నవ్వారు. ఫ్రీ స్కేట్‌లో 142.71 వచ్చినా ఆరో స్థానంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. కానీ జపాన్‌లో ఆ ఒలింపిక్స్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ నాలుగు నిమిషాలే ముందు గుర్తుకొస్తాయి. పతకాల పట్టికను పక్కనపెట్టి ఒక ప్రదర్శనను తమ గుండెల్లో నిలుపుకునే హక్కు ప్రేక్షకుడికి ఉంది, ఆ హక్కును జపాన్ అభిమానులు సంపూర్ణంగా వాడుకున్నారు.

రింక్‌లోకి విసిరే కానుకల గురించి కూడా చెప్పాలి. 2018 ఒలింపిక్స్‌లో, దక్షిణ కొరియాలోని గాంగ్‌నంగ్ ఐస్ ఎరీనాలో, జపాన్‌కే చెందిన యుజురు హన్యూ ప్రదర్శన ముగియగానే ‘విన్నీ ద పూ’ అనే పసుపుపచ్చని ఎలుగుబంటి బొమ్మలు వందలకొద్దీ వానలా కురిశాయి. పోటీలప్పుడు ఆ ఎలుగుబంటి ఆకారంలో ఉన్న టిష్యూ డబ్బాను రింక్ పక్కన పెట్టుకోవడం హన్యూకు అలవాటు. ఒలింపిక్స్ నిబంధనల వల్ల దాన్ని లోపలికి తేలేకపోయారు, ఆ లోటును అభిమానులు తీర్చారు. చీలమండ గాయంతో నవంబరు నుంచి ఏ పోటీలోనూ పాల్గొనకుండా నేరుగా అక్కడికి వచ్చిన ఆయన 317.85 మార్కులతో, అమెరికా స్కేటర్ డిక్ బటన్ తర్వాత 66 ఏళ్లకు, వరుసగా రెండో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన పురుష స్కేటర్ అయ్యారు. చిన్న పిల్లలు స్కేట్లు కట్టుకుని వచ్చి ఆ బొమ్మలను చేతుల నిండా పోగేసుకుని తీసుకెళ్లారు. పూలు విసిరేవారు వాటిని ప్లాస్టిక్ కవరులో పూర్తిగా చుట్టి విసరాలన్నది ఈ క్రీడలో పాతకాలపు మర్యాద. ఒక్క రేకు మంచు మీద రాలినా తర్వాత వచ్చే స్కేటర్ బ్లేడు దానికి తగులుకుని పడిపోయే ప్రమాదం ఉంది. తన అభిమాన స్కేటర్‌కు పువ్వు విసిరేటప్పుడు ప్రత్యర్థి కాళ్ల క్షేమం గురించి ఆలోచించే ఆ శ్రద్ధ నాకు ఎంతో ఇష్టం.

ఆ శ్రద్ధ లోపించిన ఘటన 2022లో బీజింగ్‌లో జరిగింది. అమెరికాలో పుట్టి, ఆ పౌరసత్వం వదులుకుని చైనా తరఫున ఆడిన 19 ఏళ్ల జూ యీ జట్టు విభాగంలో పడిపోయారు. కొద్ది గంటల్లోనే ‘జూ యీ పడిపోయింది’ అన్న హ్యాష్‌ట్యాగ్‌ను చైనా సామాజిక మాధ్యమం వీబోలో 20 కోట్లకు పైగా చూశారు. ఆమె చైనా భాష సరిగా మాట్లాడలేదని, వేరేవారి చోటు తీసుకుందని తిట్టిపోశారు. మరునాడు ఆమె మళ్లీ పడిపోయారు, మంచు మీదే ఏడ్చారు. దేశాభిమానం పేరుతో ఒక యువతి మీద అంత భారం మోపినవారిని అభిమానులని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

చివరగా, ఏళ్లు పట్టిన తీర్పు గురించి. 1998లో నాగానోలో ఫ్రాన్స్‌కు చెందిన సూర్యా బొనాలీ, గాయంతో పతకం ఆశ వదులుకున్నాక, నిషేధంలో ఉన్న బ్యాక్‌ఫ్లిప్, అంటే గాలిలో వెనక్కి పల్టీ, చేసి ఒంటికాలి మీద దిగారు. న్యాయనిర్ణేతలకు వీపు చూపించి, ప్రేక్షకుల వైపు తిరిగి ప్రదర్శన ముగించారు. గ్యాలరీ హోరెత్తింది; న్యాయనిర్ణేతలు మార్కులు కోశారు; ఆమె పదో స్థానంలో నిలిచారు. 2024 మార్చిలో మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత 19వ స్థానంలో ఉన్న ఫ్రాన్స్ స్కేటర్ ఆడమ్ సియావ్ హిమ్ ఫా, రెండు మార్కులు పోతాయని తెలిసీ, ఫ్రీ స్కేట్‌లో అదే బ్యాక్‌ఫ్లిప్ చేశారు. అయినా కాంస్యం గెలిచారు. మూడు నెలలకు, జూన్‌లో, ఐఎస్‌యూ మహాసభ ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. నాగానోలో చప్పట్లు కొట్టినవారి తీర్పు పుస్తకంలోకి ఎక్కడానికి 26 ఏళ్లు పట్టింది. అప్పటికి సూర్యా బొనాలీ పోటీల నుంచి తప్పుకుని పాతికేళ్లు దాటింది, ఆమె పదో స్థానమూ అలాగే ఉంది.

ఇంతసేపు శ్రద్ధగా విన్నందుకు మీ అందరికీ ధన్యవాదాలు.