సికోఫాంట్: అంజూర పండు నుంచి ఇచ్చకాల దాకా

సభకు నమస్కారం.

అధికారుల అడుగులకు మడుగులొత్తేవాణ్ణి ఇంగ్లీషులో సికోఫాంట్ అంటారు. గ్రీకు నుంచి వచ్చిన ఈ మాటను విడదీస్తే 'అంజూర పండు చూపేవాడు' అని తేలుతుంది. అంజూరకూ ఇచ్చకాలకూ ఏమిటి చుట్టరికం?

ప్రాచీన ఏథెన్స్‌లో ఈ మాటకు పొగడ్తతో పనే లేదు. అక్కడ సర్కారు తరఫున అభియోగాలు మోపే ప్రాసిక్యూటర్ లేడు. ఇష్టపడిన పౌరుడెవరైనా సాటి పౌరుణ్ణి న్యాయస్థానానికి లాగవచ్చు, కొన్ని రకాల కేసుల్లో నెగ్గితే ముద్దాయి చెల్లించేదాంట్లో వాటా కూడా దక్కేది. ఇంకేముంది, కేసు పెడతానని బెదిరించి సొమ్ము గుంజడం కొందరికి వృత్తి అయిపోయింది. తీర్పు చెప్పే పౌరుల ఓట్లలో అయిదో వంతయినా రాని ఫిర్యాదుదారుకు 1000 ద్రాక్మాల జరిమానా విధించినా వాళ్ల బెడద తీరలేదు. ఆ కొండెగాళ్ల పేరే సికోఫాంట్.

క్రీ.పూ. 425లో హాస్య నాటకకర్త అరిస్టోఫెనీస్ ప్రదర్శించిన 'అకార్నియన్స్' నాటకంలో అలాంటివాడొకడు పొరుగు రాజ్యపు వర్తకుడి సరుకులో దీపపు వత్తిని పట్టుకుంటాడు. దాన్ని పురుగుకు తగిలించి, వెలిగించి, కాలువలోకి వదిలితే రేవులోని ఓడలన్నీ తగలబడతాయని వాదిస్తాడు! చివరికి ఆ వర్తకుడు తన ఊళ్లో దొరకని సరుకు ఇదేనని, వాణ్ణే కుండలా గడ్డిలో చుట్టించి పట్టుకుపోతాడు.

మరి అంజూర? అంజూర ఎగుమతిపై నిషేధం ఉండేదని, దొంగచాటుగా పంపేవారిని పట్టించినవారికి ఈ పేరు వచ్చిందని కొందరు చెప్పేవారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆయన ఆ కాలానికి ఎన్నో శతాబ్దాల తర్వాతివాడు. పేరును చూసి అల్లిన కథలాగే నాకు తోస్తుంది, నేటి పండితుల్లోనూ చాలామంది దీన్ని నమ్మరు.

లాటిన్ మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా ఈ మాటకు చాడీకోరు అనే అర్థమే ఉండేది. ఆ శతాబ్దం ముగిసేలోగానే ముఖస్తుతి చేసేవాడన్న అర్థం కూడా వచ్చి చేరింది. ఈ మలుపు నాకు వింతగా అనిపించదు. చాడీ చెప్పేవాడు దాన్ని బలవంతుడి చెవిలోనే వేస్తాడు, అదీ ఆయన మెప్పు కోసమే. తెలుగులో చాడీ వేరు, ఇచ్చకం వేరు. కానీ ఆఫీసులో పక్కవాడి మీద ఫిర్యాదు మోసుకెళ్లినవాడే, అదే గదిలో, "మీలాంటివారు ఉండబట్టి సరిపోయిందండీ" అని కూడా అంటాడు.

గ్రీకులు మాత్రం పాత అర్థాన్ని వదల్లేదు. అబద్ధమని తెలిసీ ఒకరి పరువు తీసే నేరానికి ఈనాటి గ్రీసు శిక్షాస్మృతిలో ఉన్న పేరు ఈ మాటతోనే మొదలవుతుంది.