తాళం తిప్పితే ఏం వినపడింది?

అందరికీ నమస్కారం. బొబ్బట్లు తిన్న వెంటనే గడ్డి కోసే బండి మీద ప్రసంగం పెట్టించిన కార్యవర్గం ధైర్యానికి ముందుగా ఒక దండం. నేను మెకానిక్‌ని కాను. పగలంతా డేటాబేస్‌లతో కుస్తీ. కొలంబస్ ఊరి చివర ఎకరం స్థలంలో ఇల్లు కొన్న పాపానికి ఈ విద్య అబ్బింది. కొన్నప్పుడు ఫోన్‌లో చెబితే మా నాన్నగారు "ఎకరమేనా?" అన్నారు. ఆ ఎకరంలో పండేది గడ్డి అనీ, పండినదాన్ని శనివారం శనివారం కోసి పారెయ్యాలనీ చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

మన ఒహాయోలో రైడింగ్ మోవర్, అంటే మీద కూర్చుని నడిపే గడ్డి కోసే బండి, అక్టోబరు చివర్లో గరాజ్‌లో పడుకుంటే మళ్ళీ లేచేది ఏప్రిల్‌లోనే. మొదటి ఎండ కాసిన శనివారం అందరం ఒకేసారి తాళం తిప్పుతాం. ఆ సాయంత్రానికి నాకు ఫోన్లు మొదలు. "అన్నా, స్టార్ట్ అవట్లేదు, బ్యాటరీ ఆర్డర్ పెట్టేయనా?" నేను తిరిగి అడిగేది ఒకటే. తాళం తిప్పితే ఏం వినపడింది?

ఏమీ వినపడలేదంటే, చిన్న టిక్కు కూడా లేదంటే, ఇంజన్ జోలికే వెళ్ళొద్దు. బ్రేక్ పెడల్ పూర్తిగా కిందకి తొక్కారా? బ్లేడు వేసే నాబ్ కిందకి నొక్కి, బ్లేడు ఆఫ్‌లో ఉందా? ఈ రెండూ సరిగా లేకపోతే స్టార్టర్‌కి, అంటే ఇంజన్‌ని తిప్పి లేపే మోటారుకి, కరెంటు వెళ్ళదు, అలాగే తయారు చేస్తారు. తరవాత ఫ్యూజు. తరవాత బ్యాటరీ టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి బూజులాంటి పొడి. నాకొచ్చే ఫోన్లలో చాలావాటికి మందు ఇంతే. సీటు కింద ఉండే స్విచ్ సంగతి వేరు. ఇంజన్ నడుస్తూ, బ్రేక్ వదిలినప్పుడో గతుకు తగిలినప్పుడో టక్కున ఆగిపోతోందంటే అనుమానించాల్సింది దాన్ని. కొందరు దానికి వైరు ముక్క చుట్టి "సెట్ చేశాం" అంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. వాలులో మీరు జారి కింద పడితే బ్లేడుని ఆపేది ఆ స్విచ్చే. అది చెడిపోతే కొత్తది వేయించండి, దాన్ని మోసం చెయ్యకండి.

టకటకటకమని కొట్టుకుంటే బ్యాటరీ. అయినా నా మాట నమ్మొద్దు, మల్టీమీటర్ పెట్టి చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. 12.6 చూపించి, తాళం తిప్పగానే 9 కంటే కిందకి పడిపోతే, పైకి బాగున్నా లోపల పని అయిపోయినట్టే. కారు నుంచి కేబుల్ వేసి స్టార్ట్ చేస్తే మాత్రం కారు ఇంజన్ ఆపి ఉంచండి.

ఇప్పుడు నా సొంత తెలివితక్కువ కథ. మా బండిది ఒకే సిలిండర్ ఇంజన్. నాలుగో ఏడు వసంతంలో తాళం తిప్పితే "ఉఁ..." అని సగం తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. బ్యాటరీ అనుకున్నాను, కొత్తది వేశాను. అదే మూలుగు. స్టార్టర్ అనుకున్నాను, అదీ కొత్తది వేశాను. అదే మూలుగు. రెండు శనివారాలు పోయాయి, గడ్డి మోకాలిదాకా వచ్చింది, కాలనీ సంఘం వాళ్ళ నోటీసూ వచ్చింది.

ఆ రాత్రి గరాజ్‌లో కూర్చుంటే మా చేలో ఆయిల్ ఇంజన్ గుర్తొచ్చింది. మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చూసే ఉంటారు. హ్యాండిల్ పెట్టి తిప్పేముందు తల మీద ఒక చిన్న లీవర్ ఎత్తేవాళ్ళు. ఆ లీవర్ ఎత్తితే వాల్వ్ కాస్త తెరుచుకుని లోపలి గాలి బయటికి పోతుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. మా నాన్నగారు తిప్పీ తిప్పీ, చక్రం వేగం అందుకోగానే "వదులు" అనేవారు. లీవర్ వదలడం నా ఉద్యోగం. వదలగానే ఇంజన్ టప్ టప్ టప్ అని అందుకునేది. ఓసారి లీవర్ ఎత్తకుండానే తిప్పబోతే హ్యాండిల్ సగంలో ఆగి, నా మోచేతిదాకా జివ్వుమంది.

సగంలో ఆగడం! మోవర్ చేస్తున్నదీ అదే కదా. ఈ ఇంజన్లోనూ ఆ లీవర్ ఉంటుంది, కాకపోతే కంటికి కనపడదు. వాల్వ్‌లని తెరిచే ఇరుసు, క్యామ్‌షాఫ్ట్, మీద చిన్న ఉబ్బుగా ఉండి, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వాల్వ్‌ని వెంట్రుక మందాన ఎత్తి పట్టి, వేగం అందుకోగానే తప్పుకుంటుంది. వాడకంలో వాల్వ్ సందు, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఖాళీ, పెరిగిపోతే ఆ ఉబ్బు ఎత్తినా వాల్వ్‌దాకా అందదు. గాలంతా లోపలే బిగుసుకుపోతుంది, స్టార్టర్ దాన్ని నొక్కలేక మూలుగుతుంది. అంతే తప్ప బ్యాటరీ పాపం లేదు, స్టార్టర్ పాపమూ లేదు.

మర్నాడు పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగా, స్పార్క్ ప్లగ్గు తీసి వాల్వ్ కవర్ విప్పాను. పిస్టన్ గాలిని నొక్కుతూ (కంప్రెషన్‌లో) పైకొచ్చాక పావు అంగుళం కిందకి దాటించి, ఆ ఉబ్బు అడ్డం తొలిగాక, ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకుల కట్ట, దూర్చి చూశాను. మా ఇంజన్‌కి ఇన్‌టేక్ వాల్వ్ సందు 0.003 నుంచి 0.005 అంగుళం ఉండాలి, ఎగ్జాస్ట్‌ది 0.005 నుంచి 0.007. మీ ఇంజన్‌కి అంకెలు వేరే ఉండొచ్చు, దాని పుస్తకంలో చూసుకోండి. నా రెండు సందుల్లోనూ 0.015 రేకు ఆడుతోంది. లాక్ నట్టు వదులు చేసి, సర్ది, బిగించాను. మొత్తం నలభై నిమిషాలు, అందులో ఇరవై కింద పడ్డ బోల్టు వెతకడానికి. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది. అనవసరంగా కొన్న కొత్త స్టార్టర్ గురించి మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఇక ఇంజన్ గిరగిరా తిరుగుతోంది, కానీ అందుకోదు. ప్లగ్గు విప్పి చూడండి. తడిగా, గ్యాస్ (అదే, పెట్రోలు) వాసన వస్తుంటే గ్యాస్ అందుతోంది, నిప్పు సంగతి చూడాలి. పొడిగా ఉంటే గ్యాసే అందట్లేదు. చలికాలం తరవాత నూటికి తొంభై సార్లు అని అంకె చెప్పను గానీ, నా అనుభవంలో దొంగ పాత గ్యాసే. ఇక్కడ మనం పోయించుకునే గ్యాస్‌లో మామూలుగా 10 శాతందాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమను లాక్కుంటుంది. తేమ మితిమీరితే ఇథనాల్, నీళ్ళు కలిసి అడుక్కి దిగిపోతాయి. గ్యాస్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిన గ్యాస్ ఆవిరై బెల్లంపాకంలాంటి జిగురు వదులుతుంది. గ్యాస్ వెళ్ళే జెట్‌లో సూదిమొన అంత రంధ్రం పూడిపోవడానికి అంతకంటే ఏం కావాలి? పాత గ్యాస్ వాసన గుర్తుపట్టడం తేలిక, పాత రంగు డబ్బా మూత తీసినట్టుంటుంది. దాన్ని ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చి, గిన్నె విప్పి జెట్ శుభ్రం చెయ్యండి. చాలా బళ్ళలో గిన్నె కింద గ్యాస్ ఆపే చిన్న సోలినాయిడ్, అంటే కరెంటుతో కదిలే పిన్ను, ఉంటుంది. తాళం ఆన్ చెయ్యగానే అది టిక్కుమనాలి. అనకపోతే జెట్‌ని ఎంత తోమినా లాభం లేదు.

నడుస్తూ ఎగశ్వాస, దిగశ్వాస పెడుతోందంటే అదీ సగం పూడిన జెట్టే. ఇరవై నిమిషాలు బంగారంలా నడిచి చచ్చిపోయి, కాసేపాగితే మళ్ళీ బతుకుతోందా? గ్యాస్ మూత తిప్పండి. "సస్స్" మని గాలి లాక్కుందంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. నల్లపొగకి ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. చెట్టు మొద్దుని కొట్టాక మొరాయిస్తే ఫ్లైవీల్ కీ, అంటే ఇంజన్ బరువు చక్రాన్ని ఇరుసుకి కదలకుండా పట్టే చిన్న లోహపు ముక్క, తెగి ఉండొచ్చు. అది కాస్త పెద్ద పని, తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

ఏది విప్పినా ముందు తాళంచెవి జేబులో వేసుకోండి, ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టండి. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేవాళ్ళకి ఈ మాట రెండుసార్లు చెబుతాను. తాళంచెవి జేబులో, ప్లగ్గు వైరు పక్కన.

ప్రశ్నలు బయట తీసుకుంటాను. పార్కింగ్‌లో ఎడమ చివర ట్రైలర్ మీద మా బండి ఉంది, వాల్వ్ కవర్ విప్పే తెచ్చాను. ఫీలర్ గేజ్ ఒకటే ఉంది, వంతులవారీగా చూడండి. చేతికి బొబ్బట్టు నెయ్యి ఉన్నవాళ్ళు మాత్రం కడుక్కుని రండి.