మందు ఆపవద్దని చెప్పడానికి ఒక మనిషి

వ్యాఖ్యాత: నమస్కారం. చిత్తూరు నుంచి మాట్లాడుతున్నాం. కీళ్లవాతం, చర్మం నుంచి కిడ్నీల దాకా దెబ్బతీసే లూపస్ లాంటి జబ్బులున్న వాళ్లకు కరోనా కాలంలో రోగుల సంఘాలు ఎలా అండగా నిలిచాయన్నది ఈరోజు మన విషయం. ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంతో నెట్టుకొస్తూ, ఇక్కడి రోగులను ఒకచోట చేర్చిన అక్క మనతో ఉన్నారు. అక్కా, లాక్‌డౌన్ మొదట్లో అందరికీ వైరస్ భయం. మీకు ఇంకో భయం కూడా ఉండేది కదా?

అతిథి: మందుల భయం తమ్ముడూ. దొరకవేమోనని ఒక దిగులు, దొరికినా వేసుకోవచ్చో లేదోనని ఇంకో దిగులు. మా జబ్బుల్లో ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే కీళ్ల మీద, ఒంట్లో ఇతర భాగాల మీద దాడి చేస్తుంది. దాన్ని అణచడానికే మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ వాడతాం. ఊరంతా రోగనిరోధక శక్తి పెంచుకోవాలని కషాయాలు కాస్తుంటే, మేము దాన్ని తగ్గించే మాత్రను చేతిలో పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్నాం. భయపడి మానేసిన వాళ్లున్నారు. వాళ్లకు కీళ్లు మళ్లీ వాచాయి. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికే రావచ్చు.

వ్యాఖ్యాత: డాక్టర్లను అడిగే వీలు లేకపోయిందా?

అతిథి: ఎలా ఉంటుంది? తిరుపతిలో పద్మావతి ఆసుపత్రిని కోవిడ్‌కే కేటాయించారు. చిత్తూరు వైపు చాలామందికి పెద్ద వైద్యమంటే పక్కనే తమిళనాడులోని వేలూరే. 2020 ఏప్రిల్ చివర్లో వేలూరు జిల్లా అధికారులు మన జిల్లా వైపు వచ్చే దారుల్లో రెండు చోట్ల ఏకంగా గోడలే కట్టించారు. విమర్శలు వచ్చాక కూల్చేశారనుకో. కానీ దారికి అడ్డంగా గోడ లేచిందని విన్న రోజు మా వాళ్ల గొంతుల్లో వణుకు నేను విన్నాను. ఫోనులో వైద్య సలహా ఇవ్వడానికి కేంద్రం మార్చి 25నే మార్గదర్శకాలు ఇచ్చింది, అది మేలు చేసింది. అయితే వాచిన వేళ్లతో ఫోనులో రాయడం, ఫొటో తీసి పంపడం అందరివల్లా కాదు. అందుకే మా రోగుల గుంపులో రాయమని ఎవరినీ అడగలేదు. మాటలే రికార్డు చేసి పంపమన్నాం. పొద్దున లేచాక చేతులు బిగుసుకుపోయి కుళాయి తిప్పలేని మనిషికి "ఇరవై సెకన్లు చేతులు కడుక్కోండి" అని చెబితే సరిపోదు. మోచేత్తో ఎలా తిప్పాలో, శానిటైజర్ సీసా మూత ఎలా వదులు చేసి పెట్టుకోవాలో చెప్పాలి. అది అదే బాధ పడ్డవాళ్లకే తడుతుంది.

వ్యాఖ్యాత: హైడ్రాక్సీక్లోరోక్విన్ కొరత గురించి చెప్పండి.

అతిథి: ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. లూపస్ ఉన్నవాళ్లకు అది రోజూ వేసుకునే మాత్ర. కరోనాను ఆపుతుందన్న ఆశతో వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా వాడవచ్చని 2020 మార్చి 22న భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సూచించింది. దాంతో ఏ జబ్బూ లేనివాళ్లు కూడా మెడికల్ షాపులకు పరుగెత్తారు. మార్చి 26న ప్రభుత్వం దాన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందుల్లో చేర్చింది. మంచి పనే, కానీ చీటీ పాతబడ్డ మా వాళ్లు ఇరుక్కుపోయారు. ఒక పెద్దామె స్ట్రిప్పులో మిగిలిన నాలుగు మాత్రలను రోజు విడిచి రోజు వేసుకుంటానన్నారు. వద్దమ్మా అని, ఫోనులో డాక్టరుతో మాట్లాడించి, కొత్త చీటీ తెప్పించి, మందున్న షాపు ఎక్కడుందో వెతికాం. అప్పట్లో మా పనంతా అదే, షాపులకు ఫోన్లు చేయడం.

అమెరికాలో లూపస్ ఫౌండేషన్, ఆర్థరైటిస్ ఫౌండేషన్ రుమటాలజీ, అంటే కీళ్లవాత జబ్బుల డాక్టర్ల సంఘంతో కలిసి, ఈ మందును నిజంగా అవసరమున్న రోగులకు దూరం చేయవద్దని గట్టిగా అడిగాయి. జూన్ 15న అక్కడ కోవిడ్‌కు ఆ మందు అత్యవసర అనుమతిని రద్దు చేశారు. ఈలోపు రోగులు పడ్డ అవస్థ పడనే పడ్డారు. మరుసటి ఏడాది రెండో దశలో టోసిలిజుమాబ్‌కూ అదే గతి పట్టింది. అది కరోనాకు ముందు నుంచే కీళ్లవాతానికి వాడుతున్న మందు.

వ్యాఖ్యాత: మందు ఆపాలా వద్దా అన్నది ఎలా తేలింది?

అతిథి: ఇక్కడే రోగుల సంఘాలను మెచ్చుకోవాలి. 2020 మార్చిలోనే డాక్టర్లు, రోగుల సంఘాలు కలిసి కోవిడ్-19 గ్లోబల్ రుమటాలజీ అలయన్స్‌గా ఏర్పడ్డారు. మే నెలకల్లా 40 దేశాల నుంచి, మాలాంటి జబ్బులుండి కరోనా సోకిన 600 మంది వివరాలు ప్రచురించారు. రోజుకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడేవాళ్లు ఆసుపత్రిలో చేరే అవకాశం ఎక్కువని తేలింది. మెథోట్రెక్సేట్ లాంటి మామూలు మందులతో అలాంటి ముప్పు కనిపించలేదు. జూన్‌లో ఐరోపా రుమటాలజీ సంఘాల సమాఖ్య యూలార్ కూడా, డాక్టరు చెబితే తప్ప మందు ఆపవద్దు, తగ్గించవద్దు అంది. ఈ సంగతులను తెలుగులో, ఒక్కొక్కటి ఒక్క నిమిషం మాటగా మా వాళ్లకు పంపాం. ఆ మాట విని తిరిగి మాత్ర మొదలుపెట్టిన వాళ్లను చూశాక, ఇది ఆసుపత్రి ఒక్కటే చేయగల పని కాదని నాకు గట్టిగా నమ్మకం కలిగింది.

వ్యాఖ్యాత: టీకా సమయంలో?

అతిథి: 2021 మార్చి 1న అరవై దాటిన వాళ్లతో పాటు, 45 నుంచి 59 ఏళ్ల మధ్య దీర్ఘవ్యాధులున్న వాళ్లకూ మొదలైంది. ఆ జబ్బుల జాబితాలో చాలాకాలం స్టెరాయిడ్లు, రోగనిరోధకతను తగ్గించే మందులు వాడేవాళ్లు కూడా ఉన్నారు. అది మా వాళ్లలో చాలామందికి తెలియదు. షుగరు, బీపీ ఉన్నవాళ్లకే అనుకున్నారు. డాక్టరు ధ్రువపత్రం ఎలా తీసుకోవాలో చెప్పి పంపించాం.

వ్యాఖ్యాత: ఆ గుంపు ఇప్పుడూ నడుస్తోందా అక్కా?

అతిథి: నడుస్తోంది. కొత్తగా జబ్బు తేలినవాళ్లు చేరుతున్నారు. వాళ్లను నేను ముందుగా అడిగేది మెథోట్రెక్సేట్ వారంలో ఏ రోజు వేసుకుంటున్నారని. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకని ఆ రోజు పేరు మందు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించమంటాను.