ముందు ప్రశ్న, తర్వాతే టైటిల్: ఎడ్యుకేషన్ ప్రాజెక్టుకు డిజైన్ వేసుకోవడం

[స్క్రీన్ మీద: నల్లబల్ల. సుద్దతో రాసిన లెక్క: 1/2 + 1/3 = 2/5]

ఈ లెక్క తప్పని మనకు తెలుసు. కానీ ఆరో తరగతి నోట్‌బుక్కులు నాలుగు తిరగేస్తే ఇలా చేసిన పిల్లలు కనిపిస్తారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేస్తారు. మీ ప్రాజెక్టు ఇలాంటి చోటే మొదలవ్వాలి.

నమస్కారం. హైదరాబాద్‌లో బి.ఎడ్., ఎం.ఎడ్. చదువుతూ, సినాప్సిస్ (ప్రాజెక్టు ఎలా చేస్తామో ముందే రాసిచ్చే ప్రణాళిక) అనగానే టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఈ వీడియో.

చాలామంది ముందు టైటిల్ రాసుకుంటారు. 'తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో గణిత బోధన: ఒక అధ్యయనం.' ఇంత పెద్ద పని ఒక్కరే కొన్ని నెలల్లో చేయగలరా? దాన్నే ఇలా అడిగి చూడండి.

[స్క్రీన్ మీద: 'కాగితం మడతలతో చెబితే, భిన్నాల కూడికలో ఈ తప్పు తగ్గుతుందా?']

ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏం కొలవాలో తెలిసిపోయింది. 'తగ్గుతుందా' అని అడిగితే ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెట్టాలి. 'ఎందుకు చేస్తున్నారు' అని అడిగితే పిల్లల పక్కన కూర్చుని మాట్లాడాలి. ఇదివరకు ఎవరైనా ఈ పని చేశారేమో శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకండి, అక్కడ మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా చదువుకోవచ్చు.

[స్క్రీన్ మీద: ఎ సెక్షన్, బి సెక్షన్]

ఎ సెక్షన్‌కి మడతలతో, బి సెక్షన్‌కి మామూలుగా చెబుదాం అనుకుంటారు. కొంచెం ఆగండి. కొన్ని బళ్లలో మార్కులు చూసి సెక్షన్లు వేస్తారు. అలాంటప్పుడు ఎ సెక్షన్ బాగా రాస్తే అది మడతల వల్లో, ముందునుంచీ ఉన్న తేడా వల్లో ఎలా చెబుతాం? పోనీ చీటీలు తీసి పిల్లల్ని కలిపేద్దామంటే టైమ్‌టేబుల్ అంతా మారిపోతుంది, ఏ హెడ్మాస్టరూ ఒప్పుకోరు. ఉన్న సెక్షన్లను ఉన్నట్టే తీసుకుని చేసే ఈ డిజైన్‌నే క్వాసీ ఎక్స్‌పెరిమెంటల్ అంటాం. 1963లో క్యాంప్‌బెల్, స్టాన్లీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీని బలాలూ బలహీనతలూ విడమరిచి రాశారు. ఇందులో రెండు సెక్షన్లకూ ప్రీ-టెస్ట్, అంటే పాఠానికి ముందు పరీక్ష, పెట్టడం తప్పనిసరి అనుకోండి. ఇంకొకటి, ఎ సెక్షన్‌కి మీరూ బి సెక్షన్‌కి వాళ్ల సారూ చెబితే, కొత్త టీచర్ వచ్చారన్న ఉత్సాహం కూడా మార్కుల్లో కలిసిపోతుంది. వీలైతే రెండూ ఒక్కరే చెప్పాలి.

క్యాలెండర్ కూడా డిజైన్‌లో భాగమే. నేను ప్రీ-టెస్ట్ బతుకమ్మ సెలవులకు ముందు, పోస్ట్-టెస్ట్ దసరా తర్వాత పెట్టాను. ఊళ్లకు వెళ్లిన పిల్లలు చాలామంది సమయానికి తిరిగి రాలేదు. నా పట్టికలో రెండో కాలమ్ సగం ఖాళీగా ఉండిపోతే ఏడుపొచ్చింది. ఆ ఖాళీలను ఏ స్టాటిస్టిక్సూ పూడ్చలేదు. అందుకే పండుగలు, బడిలో జరిగే ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల తేదీలు చూసుకుని రెండు పరీక్షలూ సెలవులకు ఒకే వైపు ఉండేలా పెట్టుకోండి.

హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లల పేర్ల బదులు కోడ్ నంబర్లు వాడండి.

[స్క్రీన్ మీద: రెండు భాషల్లో ప్రశ్నపత్రం]

ఇక పైలట్, అంటే అసలు పరీక్షకు ముందు చిన్న ట్రయల్. దీన్ని మాత్రం ఎవరూ వదిలేయకండి. 2022-23 నుంచి మన ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలూ ఉంటారు. 'డినామినేటర్' (హారం, భిన్నంలో కింది సంఖ్య) అన్న మాట తెలియక తప్పు రాస్తే, మీరు కొలిచింది భాషను, భిన్నాలను కాదు. అసలు పరీక్షలో లేని నలుగురైదుగురు పిల్లలకు ముందే ఇచ్చి చూడండి.

నా పైలట్‌లో 'నీకు లెక్కలంటే భయమా?' అని ఒక ప్రశ్న ఉండేది. ఒక పాప గుమ్మం దగ్గర నిలబడ్డ సార్ వైపు చూసి, 'లేదు' దగ్గర టిక్ పెట్టింది. ఆ ప్రశ్న కొట్టేశాను. దాని బదులు బల్ల మీదున్న ఈ లెక్కే ఇచ్చి, ఎలా చేశావో చెప్పమ్మా అన్నాను.

"కలపమన్నారు కదా టీచర్, అన్నీ కలిపాను" అంది.

ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. 'ఎలా చేశావో చెప్పు' అన్న ప్రశ్న ప్రతి లెక్క కిందా చేర్చాను.