సాక్షి సమన్లు వస్తే

శ్రోతలకు నమస్కారం.

దాళ్వా కోతల హడావుడిలో కోర్టు అమీనా గుమ్మంలోకొచ్చి పేరు అడిగితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. "మాకే తగాదా లేదు, మాకెందుకండీ ఈ కాగితం?" అంటూ తీసుకోకుండా తలుపేసుకుంటారు కొందరు. తీసుకోకపోతే అమీనా దాన్ని తలుపుకి అంటించి వెళతాడు. కోర్టు దాన్ని అందినట్టే లెక్కగట్టవచ్చు. మీకు మిగిలేది చదువుకునే వీలు పోవడమే.

సివిల్ దావాలో సాక్షి సమన్లు అంటే మీ మీద కేసు కాదు. ఇద్దరి వ్యాజ్యం తేలడానికి మీకు తెలిసిన సంగతో, మీ దగ్గరున్న కాగితమో కావాలన్నమాట. అందుకని తీసుకోండి, తేదీ వేసి సంతకం పెట్టండి, తీరిగ్గా చదవండి. ఏ కోర్టు, దావా నంబరెంత, వాయిదా ఎప్పుడు, సీలు ఉందా అని చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, పిలిచింది సాక్ష్యం చెప్పడానికా, కాగితం దాఖలు చేయడానికా, రెండింటికీనా అన్నది. అది సమన్లలోనే రాసి ఉంటుంది.

ఈ తేడా తెలియక జనం అనవసరంగా బెంగపడతారు. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి ఉన్నాడనుకోండి. అన్నదమ్ములు తోట ఫలసాయం మీద దావా వేసుకున్నారు, ఆ కాయలు కొన్నది ఈయన. ఖాతా పుస్తకం తెమ్మని సమన్లొచ్చాయి. కాగితం కోసమే పిలిస్తే ఆయన స్వయంగా వెళ్లక్కర్లేదు, గుమస్తా చేత పంపినా చాలు. పుస్తకం ఇచ్చినంత మాత్రాన సాక్షి అయిపోడు, ప్లీడర్లు క్రాస్ చేయడానికీ, అంటే ఎదురు ప్రశ్నలు వేయడానికీ లేదు.

"రోజూ రాసే పుస్తకం కోర్టులో ఉండిపోతే కొట్టు నడిచేదెలా?" అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి దారి ఉంది. వాడుకలో ఉన్న ఖాతా అయితే, పిలిపించిన పక్షం చేత ఆ పద్దుకి నకలు ఇప్పించుకుని, అసలుతో సరిచూసి, పుస్తకం తిరిగి ఇచ్చేయవచ్చు. ఆ సంగతి జడ్జిగారిని మీరే అడగండి. అడిగిన పేజీలకి చీటీలు పెట్టి, జిరాక్సులు తీసి ఉంచుకుంటే పని తేలిక.

పుస్తకం మాత్రం ఉన్నదున్నట్టే వెళ్లాలి. కొట్టివేతలున్నాయని శుభ్రంగా తిరగరాస్తారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి. ఏడాది పొడవునా రాసిన పద్దులన్నీ ఒకే సిరాతో, ఒకే ఒత్తుతో ఉంటే ఎదుటి ప్లీడరు ఇట్టే పట్టేస్తాడు. పైగా సాక్ష్యం సృష్టించడం నేరం. వరదకి తడిసి సగమే మిగిలితే ఆ సగమే పట్టుకెళ్లండి. అసలు మీ దగ్గర లేకపోతే లేదనీ, ఎవరి దగ్గర ఉందో తెలిస్తే అదీ కోర్టుకి చెప్పండి. బయటపెట్టకూడని కాగితం అనుకున్నా తీసుకెళ్లి, అభ్యంతరం అక్కడే చెప్పాలి. అది తేల్చాల్సింది జడ్జిగారు.

ప్రాంసరీ నోటు మీద సాక్షి సంతకం చేసినవాళ్లనైతే బోనెక్కిస్తారు. అసలు నోటు చూపించమని అడిగి, సంతకం చూసుకున్నాకే జవాబివ్వండి. "తెలియదు" వేరు, "గుర్తులేదు" వేరు. ఏది నిజమో ఆ మాటే అనండి.

రానుపోను ఖర్చూ, బత్తా పిలిపించిన పక్షమే కోర్టులో కట్టాలి. చాలకపోతే కోర్టునే అడగండి, ఆ పక్షం మనిషి దగ్గర చేతికి పుచ్చుకోకండి. ఆ డబ్బే రేపు క్రాస్‌లో ప్రశ్నవుతుంది.

హైదరాబాదులో ఉంటున్నామంటే కుదరదు. రైలో బస్సో ఉన్న దారైతే 500 కిలోమీటర్ల లోపు రమ్మనవచ్చు. మంచం పట్టినవాళ్ల తరఫున మాత్రం డాక్టరు సర్టిఫికెట్‌తో వాయిదాకి ముందే అర్జీ పెడితే, కోర్టు నియమించిన కమిషనరు ఇంటికే వచ్చి సాక్ష్యం రాసుకునే వీలుంది. ఏ కబురూ లేకుండా మానేస్తే వారంటు, ఆస్తి జప్తు, 5,000 రూపాయల దాకా జరిమానా.

ఆ రోజు మీ వంతు రాకముందే కోర్టు లేచిపోయిందా? కొత్త వాయిదా తేదీ బెంచి గుమస్తాని అడిగి రాసుకున్నాకే బస్సెక్కండి. రానక్కర్లేదని కోర్టు చెబితే తప్ప ఆ తేదీకి మళ్లీ సమన్లు రాకపోయినా మీరు వెళ్లాల్సిందే.