హోటల్ రూమ్‌లో మీ రేటు ఎవరు వింటున్నారు?

(రేణిగుంట ఎయిర్‌పోర్టు బయట)

నమస్తే అండీ. చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీల వాళ్లు, శ్రీసిటీ కంపెనీలకు సరుకు సప్లై చేసేవాళ్లు, బేరాల కోసం చెన్నై, దుబాయ్ తిరిగేవాళ్లు, ఈ వీడియో మీకోసమే. మన మాటలు ఎవడు వింటాడులే అని చాలామంది అంటుంటారు. తోతాపురి పల్ప్ టన్ను ఎంతకిస్తారో, ఎంత దాకా దిగుతారో ముందు రోజు రాత్రే తెలిస్తే అవతలి పార్టీకి లక్షలు మిగులుతాయి. అంతకంటే కారణం ఏం కావాలి?

ఇది కొత్త సంగతేం కాదు. 2014 నవంబరులో క్యాస్పర్‌స్కీ అనే సైబర్ సెక్యూరిటీ సంస్థ డార్క్‌హోటల్ అనే ముఠా గుట్టు బయటపెట్టింది. ఆసియాలోని ఖరీదైన హోటళ్ల వైఫైలో ముందే మాటు వేసి, గెస్టు తన ఇంటిపేరు, రూమ్ నంబరు కొట్టి లాగిన్ అవగానే ఫ్లాష్ లాంటి సాఫ్ట్‌వేర్‌లకు అప్‌డేట్ వచ్చిందని చూపించేవాళ్లు, నొక్కితే ల్యాప్‌టాప్‌లోకి దొంగ సాఫ్ట్‌వేర్ దిగిపోయేది. పనయ్యాక హోటల్ నెట్‌వర్క్‌లో ఆనవాళ్లు కూడా చెరిపేసేవాళ్లు. అందుకే అప్‌డేట్లన్నీ ఇంట్లోనే చేసుకుని బయల్దేరండి. హోటల్లో ఏ అప్‌డేట్ అడిగినా ఒప్పుకోకండి. మెయిల్ చూడాలంటే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఉంది కదా, అది వాడండి.

(చేతిలో ఎక్స్‌టెన్షన్ బాక్స్, కెమెరా దగ్గరగా)

ఇప్పుడు దీన్ని చూడండి. చూడ్డానికి మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సే, ఫోన్ పెడితే ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. ఇదిగో, ఈ పక్కన సన్నటి గాడి ఉంది చూశారా, ఇందులో సిమ్ పెడతారు. ఎక్కడో కూర్చుని ఆ నంబరుకు కాల్ చేస్తే ఇక్కడ రింగ్ రాదు, లైటు వెలగదు, లోపలున్న మైకు మాత్రం ఆన్ అయిపోయి గదిలో మాటలన్నీ అవతలికి వినబడతాయి. కరెంటు మీదే నడుస్తుంది కాబట్టి ఛార్జింగ్ అయిపోతుందన్న బాధ కూడా లేదు. కొన్నింటికి ఈ గాడి పైకి కనబడదు, మూత విప్పితే గానీ తెలీదు. రూమ్‌లో మీది కాని అడాప్టరు, ఎక్స్‌టెన్షన్, టేబుల్ గడియారం ఏదున్నా ప్లగ్ పీకేయండి, మీ బాక్సు మీరే తీసుకెళ్లండి. బగ్గులు, అంటే ఇలాంటి దొంగ మైకులు పట్టేస్తామనే ఫ్రీ యాప్‌లను నేనైతే నమ్మను. రేటు మాట్లాడాలనుకుంటే కిందకు దిగి, రోడ్డు మీద నడుస్తూ మాట్లాడుకోండి.

ఎయిర్‌పోర్టులో ఛార్జింగ్‌కి యూఎస్‌బీ పోర్టు వద్దు, మీ అడాప్టరును ప్లగ్‌లో పెట్టుకోండి.

ఇంకోటి, దయచేసి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని స్పీకర్ ఆన్ చేసి కొటేషన్ చదవకండి. అది వినడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, మన లైన్లో ఉన్నవాళ్లే పక్క సీట్లో ఉంటారు.

రూమ్‌లో నిజంగానే ఏదైనా దొరికితే టెన్షన్ పడి విప్పేయకండి, వేలిముద్రలు పోతాయి. దాని ముందు దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. ఫొటో తీసుకుని, బయటికొచ్చి 112కి కాల్ చేయండి. ఆ గదిలో ఏమేం మాట్లాడారో గుర్తున్నంత వరకు కాగితం మీద రాసుకుని ఆఫీసుకు చెప్పండి, పొద్దున ఇవ్వాల్సిన కొటేషన్ ఆ రాత్రే మార్చేయండి.