మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ బలం ఎటు పోయింది?

[అనంతపురం దగ్గర ఓ పల్లె. వసారాలో ప్లాస్టిక్ కుర్చీ, అందులో జేజి. నా చేతిలో టైలరు టేపు.]

మోకాలి చిప్పకు పైన 10 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తున్నా, చూడండి. ఎడమ తొడ 41. ఆపరేషనైన కుడి తొడ 38. మా జేజికి మోకాలు మార్చి ఆరు వారాలైంది. "కండ గానీ కోసి తీసేసినారా ఏమి నాయనా?" అని రోజూ అదే ప్రశ్న.

తీయలేదు జేజీ. మామూలుగా చిప్ప పక్కన స్నాయువును, అంటే కండను ఎముకకు కలిపే పట్టీని, చీల్చి లోపలికి వెళ్తారు, పనయ్యాక కుట్టేస్తారు. తొడ కొంత ముందే సన్నబడింది. ఏళ్ల తరబడి నొప్పికి భయపడి ఆ కాలిమీద బరువు పెట్టలేదు కదా.

[తొడ ముందు కండ బొమ్మ]

అసలు విషయం ఇది. ఆపరేషనైన నెలకు ఈ కండ, అంటే క్వాడ్రిసెప్స్, ఎలా ఉందో అమెరికాలో కొలిచి 2005లో ప్రచురించారు. కండ పరిమాణం తగ్గింది సుమారు 10 శాతం. బలం మాత్రం 62 శాతం పడిపోయింది! కండ ఉంది, పని చేయట్లేదు.

మన చెనిక్కాయ చేలో బోరు మోటారును తలుచుకోండి. మోటారు బాగుంది, బోర్లో నీళ్లూ ఉన్నాయి (అనంతపురంలో అదీ అదృష్టమే). వోల్టేజీ లేకపోతే నీళ్లు పైకెక్కుతాయా? ఇక్కడా అంతే. కీలులో వాపు, నొప్పి ఉన్నన్నాళ్లూ అక్కడి నుంచి వెన్నుపాముకు వెళ్లే సంకేతాలు తొడకొచ్చే ఆజ్ఞను అణచిపెడతాయి. అందుకే ఐసు పెట్టడం, కాలు ఎత్తులో ఉంచడం నొప్పికే కాదు, కండకూ వైద్యమే.

[జేజి మంచం మీద. మడమ కింద చుట్టిన టవల్.]

మోకాలిని కిందికి నొక్కు జేజీ. చిప్ప పైన కండ బిగుసుకోవాల. ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. ఇట్ల పదిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. కండ కదలనే కదలకపోతే ఫిజియోథెరపిస్టు చిన్న కరెంటు యంత్రంతో దాన్ని లేపుతారు. రాత్రి మోకాలి కింద దిండు మాత్రం వద్దు, సుఖంగానే ఉంటుంది గానీ కాలు వంగి అట్లే బిగుసుకుపోతుంది.

ఇంకో దొంగతనం ఉంది. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆపరేషనైన కాలు ముందుకు జరిపి, బరువంతా మంచికాలి మీద వేస్తారు. ఇంట్లోవాళ్లు పాదాలు చూస్తుండండి, రెండూ సమానంగా ఉండాలి.

తిండి సంగతి: ఒట్టి సంగటి చాలదు, పప్పు, గుడ్డు, ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) తోడు కావాలి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, ఆయాసం వచ్చినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. అది రక్తం గడ్డకట్టడం కావచ్చు.

[మూడో నెల. అదే వసారా, అదే టేపు.]

ఎడమ 41, కుడి 39. తేడా ఇంకా ఉంది. మునుపటి బలం రావడానికి చాలామందికి ఆరు నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే.

"లేయ్ జేజీ."

[కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి, టేపు లాక్కుంటుంది.]

"చాల్లే నాయనా కొలతలు, అన్నం తిందువు రా."